ప్రధాని పేరులో మిగిలిన డాక్టరు: జేమ్స్ బ్యారీ, ఒక సిజేరియన్ కథ

1924 నుంచి 1939 దాకా దక్షిణాఫ్రికా ప్రధానమంత్రిగా పనిచేసిన జె.బి.ఎం. హెర్జోగ్ పేరు అక్కడి మన తెలుగు కుటుంబాల పెద్దలకు తీపి జ్ఞాపకమేమీ కాదు. చెరకు తోటల్లో కూలికి వెళ్లి నేటాల్‌లో స్థిరపడిన భారతీయులకు దారి ఖర్చులిచ్చి తిరుగు ఓడ ఎక్కించే పథకం నడిపింది ఆయన ప్రభుత్వమే. నేను చెప్పబోయేది ఆయన గురించి కాదు. ఆ పేరు ముందున్న మూడు అక్షరాల గురించి. జె.బి.ఎం. అంటే జేమ్స్ బ్యారీ మునిక్. 1826లో కేప్‌టౌన్‌లో తల్లి కడుపు కోసి బయటికి తీసిన ఒక మగబిడ్డకు, ఆ ఆపరేషన్ చేసిన డాక్టరు పేరు పెట్టుకున్నారు. ఆ పేరే మునిక్ కుటుంబం ద్వారా హెర్జోగ్ దాకా వచ్చింది.

నేను ప్రసూతి వైద్యురాలిని. ఆంధ్రాలో చదివి, ఇరవై ఏళ్లకు పైగా ఇంగ్లండులో పనిచేస్తున్నాను. మన తెలుగు అమ్మాయిలకు పురుడు పోసేటప్పుడు వాళ్ల అమ్మలు, అత్తగార్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న సిజేరియన్ గురించే. కొందరికి అది భయం. కొందరికి, మంచి ముహూర్తం దొరికితే, అది సౌకర్యం. ఇద్దరికీ నేను బ్యారీ కథ చెబుతుంటాను. ఈసారి రాసి పెడుతున్నాను.

ఐర్లండులోని కార్క్ పట్టణంలో 1789 ప్రాంతంలో మార్గరెట్ ఆన్ బల్క్లీ అనే ఆడపిల్ల పుట్టింది. తండ్రి అప్పులపాలయ్యాడు, చివరికి బాకీదారుల జైలుకు వెళ్లాడు. ఉన్న డబ్బు కొడుకు చదువుకు, పెళ్లికి పోయింది. తల్లీకూతుళ్లు నిలువ నీడ లేక లండన్ చేరారు. అక్కడ తల్లికి ఒక అన్న ఉన్నాడు. పేరు జేమ్స్ బ్యారీ, రాయల్ అకాడమీలో ఆచార్యుడిగా పనిచేసిన పేరున్న చిత్రకారుడు. ఆయన చెల్లెలిని పెద్దగా ఆదరించింది లేదు గానీ, 1806లో చనిపోయినప్పుడు ఆయన ఆస్తి కొంత వీళ్లకు దక్కింది. అంతకన్నా విలువైనది ఆయన స్నేహితుల పరిచయం. వెనెజువెలా విప్లవకారుడు ఫ్రాన్సిస్కో మిరండా తన గ్రంథాలయం తలుపులు ఆ అమ్మాయికి తెరిచాడు. స్కాట్లండుకు చెందిన బకన్ ప్రభువు అండగా నిలిచాడు.

ఆ రోజుల్లో బ్రిటన్‌లో ఏ వైద్య కళాశాలా ఆడపిల్లను చేర్చుకోదు. 1809 చివర్లో తల్లీకూతుళ్లు ఎడిన్‌బరోకు ఓడ ఎక్కారు. ఎడిన్‌బరోలో అడుగుపెట్టింది మాత్రం ఒక స్త్రీ, ఆమె వెంట జేమ్స్ బ్యారీ అనే కుర్రవాడు. మామయ్య పేరే పెట్టుకున్నాడు. చాలా ఏళ్ల తర్వాత కేప్‌టౌన్‌కు చెందిన మైఖేల్ డు ప్రీజ్ అనే రిటైర్డ్ సర్జన్ పాత ఉత్తరాలు తవ్వి తీశాడు. కుటుంబ లాయరు తన అలవాటు ప్రకారం, ఆ కుర్రవాడు రాసిన ఉత్తరం వెనక పంపినవారి పేరు గుర్తు పెట్టుకున్నాడు. అక్కడ ఉన్నది బల్క్లీ అమ్మాయి పేరు.

ఇక్కడి నుంచి నేను ‘ఆయన’ అనే రాస్తాను. యాభై ఏళ్లకు పైగా ఆయన మగవాడిగానే బతికారు, సంతకం చేశారు, జీతం తీసుకున్నారు, ఒకసారి పిస్తోలు పట్టుకుని ద్వంద్వయుద్ధం కూడా చేశారు. చదువు పూర్తయ్యాక వెనెజువెలా వెళ్లి ఆడ డాక్టరుగానే వైద్యం చెయ్యాలన్నది మొదటి ఆలోచన అని చరిత్రకారుల అంచనా. 1812లో మిరండా స్పెయిన్ వాళ్లకు పట్టుబడటంతో ఆ దారి మూసుకుపోయింది. అదే ఏడు బ్యారీ వైద్యపట్టా చేతికొచ్చింది. మీసం మొలవని ఈ పిల్లవాడిని పరీక్షకు కూర్చోబెట్టడానికి విశ్వవిద్యాలయం పెద్దలు ఒప్పుకోలేదు. వయసుకు నియమమేమీ లేదు కదా అని బకన్ ప్రభువు అడిగితే వాళ్ల దగ్గర జవాబు లేకపోయింది. ఎడిన్‌బరోలో బ్యారీ ప్రసూతి శాస్త్రం కూడా చదివారు. తర్వాత లండన్‌లో ఆస్ట్లీ కూపర్ అనే మహా సర్జన్ దగ్గర శిక్షణ పొందారు. 1813లో సైన్యంలో చేరారు.

1816లో కేప్‌టౌన్ వచ్చారు. గవర్నర్ చార్లెస్ సోమర్‌సెట్ కూతురికి జబ్బు చేస్తే నయం చేశారు. ఆ ఇంట్లో మనిషైపోయారు. 1822లో వైద్య ఇన్‌స్పెక్టరుగా నియమించారు. సరిగ్గా అప్పుడే బ్యారీ అసలు గుణం బయటపడింది. ఊరికి మంచినీళ్లు సరిగ్గా రావడం లేదన్నారు. జైలు, కుష్ఠురోగుల ఆశ్రమం పశువుల కొట్టంలా ఉన్నాయన్నారు. రోగులకు మంచి తిండి, ఉతికిన బట్టలు, రోజూ శుభ్రం చేసిన గది ఉండాలని పట్టుబట్టారు. చదువు లేకుండా మందులు అమ్మేవాళ్ల లైసెన్సులు ఆపారు. మాట మెత్తన లేదు, కోపం ముక్కు మీదే. పొట్టి మనిషి, ఎత్తు మడమల బూట్లు, పక్కన సైకీ అనే కుక్క. మాంసం ముట్టరు, మద్యం తాగరు. మన ఇళ్లలో అయితే ఎవరూ వింతగా చూడరు గానీ, బ్రిటిష్ ఆఫీసర్ల భోజన బల్ల దగ్గర అదొక విడ్డూరం.

శత్రువులు ఊరికే ఉంటారా? 1824లో గవర్నరుకూ ఈ డాక్టరుకూ తగని సంబంధం ఉందంటూ ఒక వంతెన దగ్గర గోడకాగితం అంటించారు. ఆ కాలంలో ఉరిశిక్ష పడగల నేరం అది. విచారణలు జరిగాయి, ఏమీ తేలలేదు. కానీ మరుసటి ఏడు బ్యారీ పదవినే రద్దు చేశారు. సోమర్‌సెట్ కూడా 1826లో ఇంగ్లండు వెళ్లిపోయాడు. అంటే మునిక్ గారి ఇంటి నుంచి కబురు వచ్చేనాటికి బ్యారీకి పదవి లేదు, పెద్ద దిక్కు లేదు, ఊళ్లో సగం మంది తప్పు దొరుకుతుందా అని కాచుకుని ఉన్నారు.

1826 జూలై. థామస్ మునిక్ ఆ ఊళ్లో కలిగిన వ్యాపారి. ఆయన భార్య విల్‌హెల్మినాకు నొప్పులు వస్తున్నాయి, బిడ్డ బయటికి రావడం లేదు. ఆనాటి డాక్టరు ముందు ఉన్న దారులు ఇప్పుడు రాయడానికే చెయ్యి రాదు. బిడ్డను కడుపులోనే ముక్కలు చేసి తీసి తల్లిని బతికించే ప్రయత్నం చెయ్యడం, లేదా తల్లి ప్రాణం పోయేదాకా ఆగి బిడ్డ కోసం కడుపు కొయ్యడం. బతికున్న తల్లిని కొయ్యడం అంటే దాదాపు చంపడమే అని అనుభవజ్ఞులు నమ్మేవారు. వాళ్ల నమ్మకంలో తప్పు లేదు. బ్రిటన్, ఐర్లండులలో 1865 నాటికి జరిగిన సిజేరియన్లలో నూటికి 85 మంది తల్లులు చనిపోయారు. పారిస్ నగరంలో 1787 నుంచి 1876 దాకా, దాదాపు తొంభై ఏళ్లలో, ఒక్క తల్లి కూడా బతికి బయటపడలేదు.

ఎందుకంత ఘోరం? మత్తు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. ఈథర్ 1846లో, క్లోరోఫాం 1847లో వచ్చాయి. అవి వచ్చాక కూడా తల్లులు చనిపోతూనే ఉన్నారు. అసలు సంగతి గర్భసంచిని కుట్టకపోవడం. కోసిన పొట్ట పైచర్మాన్ని కుట్టేవారు గానీ, గర్భసంచిని అలాగే వదిలేసేవారు. అది తనంతట తానే ముడుచుకుంటుందని, లోపల దారం ఉంటే చీము పడుతుందని వాళ్ల భయం. ముడుచుకోకపోతే రక్తం కారి ఆ రాత్రే పోయేవారు. ముడుచుకున్నా, ఆ గాయంలోంచి పుండు రసాలు పొత్తికడుపులోకి దిగి, నాలుగో రోజో ఐదో రోజో జ్వరంతో పోయేవారు. డాక్టరు కడుక్కోని చేతులు, తుడవని కత్తి ఆ జ్వరానికి తోడు.

బ్యారీ తాను అంతకుముందు ఎవరి మీదా చేయని ఆ ఆపరేషన్, మత్తు లేకుండా, మెలకువగా ఉన్న మనిషి మీద చేశారు. తల్లి బతికింది. బిడ్డ బతికాడు. ఫీజు బదులు బిడ్డకు తన పేరు పెట్టమన్నారని ఒక కథ ఉంది. పేరు పెట్టిన మాట మాత్రం నిజం.

శుభ్రత విషయంలో ఊరంతటితో పోట్లాడిన మనిషి చేతిలోనే ఆ తల్లి బతకడం నాకు యాదృచ్ఛికంగా అనిపించదు. సూక్ష్మక్రిముల సంగతి లోకానికి తెలియడానికి అప్పటికి ఇంకా కొన్ని దశాబ్దాల సమయం ఉంది. తెలియకపోయినా మురికి మనిషిని చంపుతుందని బ్యారీ మొండిగా నమ్మారు.

ఆఫ్రికాలో తల్లీబిడ్డా ఇద్దరూ బతికిన మొదటి సిజేరియన్ అని పుస్తకాలు దీన్ని రాస్తాయి. ఆ మాట దగ్గర నేను కొంచెం ఆగుతాను. యూరప్ డాక్టర్లు చేసినవాటిలో మొదటిది అనాలి. 1879లో ఫెల్కిన్ అనే బ్రిటిష్ యాత్రికుడు ఇప్పటి ఉగాండాలోని బున్యోరో ప్రాంతంలో స్థానిక వైద్యుడు చేసిన సిజేరియన్‌ను కళ్లారా చూశాడు. అరటి సారాతో తల్లికి కాస్త మత్తు ఇచ్చారు. అదే సారాతో చేతులు, పొట్ట కడిగారు. రక్తం కారేచోట కాల్చి ఆపారు. ఇనుప సూదులు గుచ్చి, నారతో బిగించి పొట్ట మూశారు. పదకొండు రోజులకు గాయం మానింది. ఎంత బాగా అలవాటైన పనో ఆ చేతులు చెబుతాయి. ఆ వైద్యుడు ఎన్నేళ్ల సంప్రదాయానికి వారసుడో లెక్క రాసినవాళ్లు లేరు, అంతే. బ్యారీ సొంత దేశం ఐర్లండులోనే 1738లో మేరీ డోనల్లీ అనే మంత్రసాని మంగలికత్తితో సిజేరియన్ చేసి తల్లిని బతికించింది. దర్జీ సూది, పట్టుదారం తెచ్చేదాకా గాయాన్ని చేతులతో అదిమి పట్టుకుని కూర్చుంది. బిడ్డ అప్పటికే చనిపోయింది.

బ్యారీ తర్వాత యాభై ఏళ్లకు, 1876లో, ఇటలీలో పోరో అనే డాక్టరు రక్తస్రావాన్నీ చీమునూ ఆపడానికి బిడ్డను తీసిన వెంటనే గర్భసంచినే తీసేశాడు. తల్లి బతికేది, మళ్లీ తల్లయ్యే అవకాశం పోయేది. 1882లో జర్మనీలో జెంగర్ గర్భసంచిని వెండి తీగతో, పట్టుదారంతో కుట్టి చూపించాడు. ఆ కుట్టుతోనే ఇప్పటి సిజేరియన్ మొదలైంది. తర్వాత అడ్డకోత, రక్తం ఎక్కించడం, పెన్సిలిన్ వచ్చాయి. నూటికి 85 మందిని చంపిన ఆపరేషన్ ఇవాళ సంపన్న దేశాల్లో ప్రపంచంలోకెల్లా భద్రమైన పెద్ద ఆపరేషన్లలో ఒకటి.

అయితే అన్నిచోట్లా కాదు. 2019లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం ఆఫ్రికాలో 22 దేశాల సిజేరియన్లను లెక్కగట్టింది. వెయ్యి మంది తల్లుల్లో ఐదుగురికి పైగా చనిపోతున్నారు. సంపన్న దేశాలతో పోలిస్తే ఇది దాదాపు 50 రెట్లు. విల్‌హెల్మినా మునిక్‌కు పొంచి ఉన్న ప్రమాదమే, అంటే రక్తస్రావమే, వాళ్లకూ ప్రధాన శత్రువు.

మన దగ్గర సమస్య వేరే రూపంలో ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశం మొత్తం మీద 21.5 శాతం. అమెరికాలో మూడింట ఒక వంతుకు కాస్త తక్కువ. మొదటి సిజేరియన్ దాదాపు ఎప్పుడూ సాఫీగానే జరిగిపోతుంది. అమ్మాయి ఐదో రోజుకు లేచి తిరుగుతుంది, అందరం ఊపిరి పీల్చుకుంటాం. చిక్కు వచ్చేది తర్వాతి గర్భాల్లో.

దాన్ని ఇలా చెబుతాను. గర్భసంచి మీద పాత కోత మానిన మచ్చ ఉంటుంది. తర్వాతి గర్భంలో మాయ వచ్చి సరిగ్గా ఆ మచ్చ మీద అతుక్కుందనుకోండి. మామూలుగా బిడ్డ పుట్టగానే మాయ తనంతట తానే ఊడి వచ్చేయాలి. మచ్చ దగ్గర ఆ పొర పలచబడి ఉంటుంది కాబట్టి మాయ వేళ్లు కండలోకి దిగిపోతాయి, ఒక్కోసారి మూత్రాశయం దాకా పోతాయి. ఊడదీస్తే రక్తం ధారకడుతుంది. చాలాసార్లు గర్భసంచి తీసేయక తప్పదు. అంటే నూటయాభై ఏళ్ల కిందటి పోరో ఆపరేషన్‌నే మళ్లీ చేస్తున్నామన్నమాట. దీన్ని ప్లాసెంటా అక్రీటా అంటారు. మా గురువుల తరం ఉద్యోగ జీవితం మొత్తంలో ఒకటో రెండో చూసేవారు. అమెరికాలో ముప్పై వేల మంది తల్లుల మీద చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి సిజేరియన్ అప్పుడు ఇది వెయ్యికి ఇద్దరిలో కనిపించింది. మూడోసారికి వెయ్యికి ఐదారుగురు, నాలుగోసారికి నూటికి ఇద్దరు. మాయ కిందికి, గర్భద్వారానికి అడ్డంగా ఉంటే లెక్క ఇంకా కఠినం: మొదటి సిజేరియన్‌కు నూటికి 3, రెండోసారికి 11, మూడోసారికి 40.

అందుకే ముహూర్తం కోసం అడిగే పెద్దవాళ్లకు నేను ఎదురు ప్రశ్న వేస్తాను: మీకు ఎంతమంది మనవలు కావాలి? ఒక్కరితో చాలంటే ఒక లెక్క, ముగ్గురు కావాలంటే ఇంకో లెక్క. అవసరమైన సిజేరియన్‌ను నేను ఒక్క నిమిషం కూడా ఆలస్యం చెయ్యను, మీరూ చెయ్యనివ్వకండి. బ్యారీ ఆగి ఉంటే తల్లీబిడ్డా ఇద్దరూ పోయేవారు. కానీ హైదరాబాదులో మొదటి కాన్పు అయి, రెండోదానికి డల్లాస్‌కో దుబాయికో వచ్చే అమ్మాయి తన పాత ఆపరేషన్ కాగితం వెంట తెచ్చుకోవాలి. కోత అడ్డంగా ఉందా నిలువుగా ఉందా, ఎందుకు చేశారు అన్నవి ఆ కాగితంలోనే ఉంటాయి. పొట్ట మీద కనిపించే మచ్చను చూసి లోపలి కోత చెప్పలేం. ఇరవై వారాల స్కాన్‌లో మాయ ఎక్కడుందో అడిగి తెలుసుకోవాలి. పాత మచ్చ మీద ఉందంటే, రక్తనిధి, అనుభవం ఉన్న సర్జన్లు ఉన్న పెద్దాసుపత్రిలోనే కాన్పు పెట్టుకోవాలి. ముందే తెలిస్తే ఈ జబ్బును ఎదుర్కోవచ్చు. బల్ల మీద పడుకున్నాక తెలిస్తేనే ప్రాణం మీదికి వస్తుంది.

మళ్లీ బ్యారీ దగ్గరికి వస్తాను. 1828లో మారిషస్ బదిలీ అయ్యారు. మన తెలుగు కూలీలు ఆ దీవికి చేరడానికి ఇంకా కొన్నేళ్లుంది. మరుసటి ఏడు సోమర్‌సెట్‌కు జబ్బు చేసిందని తెలిసి, సెలవు కూడా అడగకుండా ఓడెక్కి ఇంగ్లండు వెళ్లిపోయారు. 1831లో ఆయన పోయేదాకా పక్కనే ఉన్నారు. తర్వాత జమైకా, సెయింట్ హెలీనా, వెస్టిండీస్ దీవులు, మాల్టా, కోర్ఫూ. వెళ్లినచోటల్లా అదే గొడవ: నీళ్లు, మరుగుదొడ్లు, తిండి. క్రిమియా యుద్ధం నడుస్తుండగా గాయపడిన సైనికులను కోర్ఫూకు రప్పించుకుని చాలామందిని బతికించారు. యుద్ధభూమికి వెళ్లినప్పుడు ఎండలో నిలబడ్డ ఫ్లోరెన్స్ నైటింగేల్‌ను గుర్రం దిగకుండానే నలుగురిలో చీవాట్లు పెట్టారు. ఆమె ఆ అవమానం జీవితాంతం మరిచిపోలేదు. ఆసుపత్రి శుభ్రంగా ఉండాలని సైన్యంతో పోట్లాడిన ఇద్దరూ ఒకరినొకరు భరించలేకపోయారు. 1857లో కెనడాకు ఆసుపత్రుల ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా వెళ్లారు. 1859లో ఆరోగ్యం బాగాలేదని, ఆయనకు ఇష్టం లేకుండానే, ఇంటికి పంపేశారు.

1865 జూలై 25న లండన్‌లో విరేచనాల జబ్బుతో చనిపోయారు. జీవితమంతా ఆయన పోరాడింది అలాంటి మురికి నీటి రోగాలతోనే. తాను పోతే ఒంటిమీద బట్టలు విప్పకుండా పాతిపెట్టమని అంతకుముందు చెప్పి ఉంచారని జీవిత చరిత్రలు రాస్తాయి. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. శవానికి స్నానం చేయించిన సోఫియా బిషప్ అనే పనిమనిషి, ఇది ఆడమనిషి శరీరమని, పైగా పొట్ట మీద కాన్పు చారలున్నాయని డాక్టరుకు చెప్పింది. మరణ పత్రం మీద మగవాడని రాసిన ఆ సైనిక డాక్టరు, ఆడైనా మగైనా తనకు అనవసరమని తేల్చేశాడు. చిన్నతనంలో మార్గరెట్‌కు ఒక బిడ్డ పుట్టి ఉంటుందని, చెల్లెలిగా పెరిగిన జూలియానా ఆ బిడ్డేనని కొందరు పరిశోధకులు అనుకుంటారు. అదే నిజమైతే, 1826లో విల్‌హెల్మినా మంచం పక్కన కత్తి పట్టుకుని నిలబడ్డ డాక్టరుకు పురిటి నొప్పులు పుస్తకాల్లో చదివి తెలుసుకున్నవి కావు.

కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉన్న ఆయన సమాధి రాయి మీద డాక్టర్ జేమ్స్ బ్యారీ అన్న పేరు, ఆసుపత్రుల ఇన్‌స్పెక్టర్ జనరల్ అన్న హోదా ఉన్నాయి. మరుసటి ఏడు, 1866లో, కేప్ కాలనీలో హెర్జోగ్ పుట్టాడు.